చేతిలోని విద్య అల్లాహ్ ఇచ్చిన అమానతు

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం మా మదరసాలో ఆలిమ్ కోర్సు పూర్తిచేసిన ఒక విద్యార్థి వీడ్కోలు తీసుకోవడానికి నా గదికి వచ్చాడు. చదువులో మధ్యముడు. కానీ అతని చేతిరాత అద్భుతం. తరగతిలో అతని నోటుపుస్తకం తెరిస్తే ఏదో ముద్రిత గ్రంథం తెరిచినట్లు ఉండేది. అరబీ, ఉర్దూ, తెలుగు మూడింటిలోనూ అతని అక్షరం ముత్యంలా ఉండేది.

"హజ్రత్! హైదరాబాదు ఛత్తా బజారులో ఒక కాతిబ్ గారి దగ్గర ఏడాది పాటు ఖత్తాతీ నేర్చుకుందామనుకుంటున్నాను. మీరు దుఆ చేయండి" అన్నాడు.

నేను దుఆ చేయలేదు. సలహా ఇచ్చాను. "బేటా! కంప్యూటర్లు వచ్చాక కాతిబుల పని అయిపోయింది. అయినా ఆలిమ్ అయినవాడు బోర్డులు రాసుకుంటూ తిరిగితే జనం ఏమనుకుంటారు? ఏదైనా ఊళ్ళో ఇమామత్ చూసుకో. జీతం తక్కువైనా గౌరవం ఉంటుంది" అన్నాను. అతను తల వంచుకుని "సరే హజ్రత్" అని వెళ్ళిపోయాడు.

ఆ సలహా అతనికి ఎంత ఖరీదైనదో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నాకు తెలిసినంతవరకు అటువంటి సలహా ఇచ్చే గురువులు, తండ్రులు, మేనమామలు మన సమాజంలో నేటికీ ఉన్నారు. వారందరికంటే ముందు ఈ మాటలు నాకు నేను చెప్పుకుంటున్నాను.

ప్రవక్తల చేతిపని

చేతిపని ఆలిములకు తగదనే భావం మనకు ఎక్కడి నుండి వచ్చిందో గాని, ధర్మం నుండి మాత్రం రాలేదు. మనిషి తినే తిండిలో తన చేతి కష్టంతో సంపాదించిన దానికంటే మేలైనది లేదని, హజ్రత్ దావూద్ (అ) తన చేతి సంపాదనే తినేవారని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. దావూద్ (అ) రాజ్యాధిపతి. ఖజానా ఆయన చేతిలో ఉంది. అయినా కవచాలు తయారుచేసి జీవించారు. హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరాలో దావూద్ (అ) ప్రస్తావన వచ్చేచోట ఒక సూక్ష్మాన్ని గమనించండి. అల్లాహ్ ఆయన కొరకు ఇనుమును మెత్తన చేశాడు. ఆ వెంటనే నిండైన కవచాలు చేయమని, వాటి వలయాలను సరైన కొలతతో కూర్చమని, సత్కార్యాలు చేయమని ఆదేశించాడు. మొదట నైపుణ్యం అనే వరం, తర్వాత పనిలో కచ్చితత్వం, ఆ తర్వాత సత్ప్రవర్తన. స్వయం ఉపాధి ఆశించే ప్రతి యువకుడికీ ఈ మూడు మెట్లు చాలు. ఒక వలయం కొలత తప్పితే యుద్ధంలో ఒక ప్రాణం పోతుంది. మన కుట్టులో, మన రాతలో, మన లెక్కలో కొలత తప్పితే పోయేది నమ్మకం.

హజ్రత్ యూసుఫ్ (అ) గాథలో మరొక పాఠం ఉంది. ఈజిప్టు రాజు ఎదుట నిలబడి ఆయన ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరారు. అందుకు తనలో ఉన్న రెండు గుణాలను కారణంగా చూపారు. భద్రంగా కాపాడే స్వభావం ఒకటి, ఆ పనికి కావలసిన జ్ఞానం మరొకటి. ఇది ఆత్మస్తుతి కాదు. తన శక్తి ఏమిటో ఎరిగి, అది అవసరమైన చోట, అవసరమైనంత మేరకు చెప్పడం. వినయం పేరుతో మన పిల్లలు తమకు వచ్చిన పనిని కూడా దాచుకుంటున్నారు. తనకు రాని విద్య వచ్చునని చెప్పడం అబద్ధం. వచ్చిన విద్యను అవసరమైన చోట చెప్పకపోవడం అమానతును పాతిపెట్టడం.

మదీనా బజారు దారి

హిజ్రత్ చేసి మదీనాకు వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు, అన్సారీ అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కి మధ్య దైవప్రవక్త (స) సోదర సంబంధం ఏర్పరచారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన్ను ఆశీర్వదించి, బజారు ఎటువైపు ఉందో చూపమని మాత్రం కోరారు. ఖైనుఖా బజారుకు వెళ్ళి జున్ను, నెయ్యి క్రయవిక్రయాలతో మొదలుపెట్టారు. ఆయన మక్కాలో వదిలి వచ్చింది ధనాన్ని. వెంట తెచ్చుకున్నది వ్యాపార దక్షతను. పోయిన దాని గురించి కూర్చుని విలపించక, మిగిలిన దానితో పని ప్రారంభించారు.

సుననె అబూదావూద్‌లో ఉన్న మరొక ఉదంతం అందరికీ తెలిసినదే. సహాయం అర్థించి వచ్చిన ఒక అన్సారీని దైవప్రవక్త (స) ఇంట్లో ఏముందని అడిగారు. ఒక ముతక గుడ్డ, నీళ్ళు తాగే పాత్ర ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం ఇస్తానంటే, ఇంకా ఎక్కువ ఇచ్చేవారెవరని అడిగి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హంతో ఇంటివారికి ఆహారం, రెండవ దానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తన శుభ హస్తాలతో పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజులు కనిపించవద్దని చెప్పి పంపారు. అతను తిరిగి వచ్చేనాటికి పది దిర్హములు సంపాదించాడు.

ఈ ఉదంతాన్ని మనం యాచనను ఖండించడానికి చెబుతుంటాము. అందులో ఉపాధి శాస్త్రం కూడా ఉంది. పెట్టుబడి బయటి నుండి అప్పుగా రాలేదు, ఇంట్లో ఉన్న వస్తువు నుండే వచ్చింది. ఆ పెట్టుబడిలో మొదటి సగం పిల్లల ఆకలికి, రెండవ సగం పనిముట్టుకు వెళ్ళింది. పని ఆ మనిషి శరీరశక్తికి తగినది, సరుకు ఊరికి నిత్యం అవసరమైనది. గడువు పదిహేను రోజులు. గడువు ముగియగానే లెక్క చూడడం జరిగింది.

ఆలిములు, వృత్తులు

మన ఫిఖ్ గ్రంథాల అట్టల మీద ఉన్న పేర్లనే చూడండి. ఇమామ్ ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవారు. వక్ఫ్ చట్టాలపై ఆయన రాసిన గ్రంథం నేటికీ ప్రామాణికం. ఇమామ్ జస్సాస్ పేరు సున్నపు పనిని సూచిస్తుంది. ఖఫ్ఫాల్ అంటే తాళాలు చేసేవారు. హల్వానీ అనే పేరు మిఠాయి వ్యాపారం నుండి వచ్చింది. ఆ మహనీయులు తమ వృత్తి నామాలను దాచుకోలేదు. లోకం వారిని ఆ నామాలతోనే గౌరవించింది.

ఇమామె ఆజం అబూహనీఫా (రహ్మ) కూఫా నగరంలో పట్టు వస్త్రాల వర్తకులు. ఒకసారి లోపమున్న వస్త్రాన్ని భాగస్వామికి అప్పగించి, కొనేవారికి ఆ లోపం చెప్పి అమ్మమన్నారు. భాగస్వామి మరచిపోయి చెప్పకుండా అమ్మేశాడు. కొన్న వ్యక్తి ఎవరో తెలియలేదు. ఇమాము గారు ఆ సొమ్మంతా దానం చేసేశారు. బట్టల గుణదోషాలు ఎరగడం ఆయన విద్య. వాటిని కొనేవారికి చెప్పడం ఆయన ధర్మం.

మన దేశంలోనే చూస్తే, దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ వ్యవస్థాపకులలో ప్రముఖులైన మౌలానా ఖాసిమ్ నానౌతవీ (రహ్మ) ఢిల్లీ, మీరట్ ముద్రణాలయాల్లో గ్రంథాల తప్పులు దిద్దే పని చేస్తూ జీవించారు. చదివిన చదువునే చేతిపనిగా మలచుకోవడానికి అంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

నీలో ఉన్నదేమిటి?

ఉపాధి వెతుక్కునే యువకులు సాధారణంగా "ఇప్పుడు ఏ వ్యాపారం బాగా నడుస్తోంది?" అని అడుగుతారు. పక్క వీధిలో మొబైల్ దుకాణం నడుస్తోందని నాలుగు మొబైల్ దుకాణాలు వెలుస్తాయి. ఏడాది తిరిగేసరికి మూడు మూతపడతాయి. మొదట వేసుకోవలసిన ప్రశ్నలు వేరు.

మొదటిది: జనం నన్ను అడగకుండా ఉండలేని పని ఏది? పెండ్లి అయితే వంట లెక్కకు ఎవరిని పిలుస్తారు? మోటారు ఆగిపోతే ఎవరి ఇంటి తలుపు తడతారు? దరఖాస్తు రాయాలంటే ఎవరి దగ్గరకు వస్తారు? మన శక్తి మనకంటే ముందు ఇరుగుపొరుగు వారికి తెలుస్తుంది.

రెండవది: ఏ పనిని మళ్ళీ మళ్ళీ చేసినా నాకు విసుగు రాదు? ఒక రోజు ఉత్సాహంగా చేసేది సరదా. నూరవ రోజున కూడా అదే శ్రద్ధతో చేయగలిగినది వృత్తి.

మూడవది: ఆ పనికి డబ్బు ఇచ్చేవారు నా చుట్టుపక్కల ఉన్నారా? పని ఎంత బాగా వచ్చినా, కొనేవారు లేనిచోట ఇల్లు గడవదు.

నాలుగవది: ఆ పని హలాలేనా? ఇది చివరి ప్రశ్నగా రాశాను గాని, జవాబు ప్రతికూలమైతే మొదటి మూడింటికీ అర్థం లేదు.

మదరసాలో చదివినవారికి "మాకు ఏ విద్యా రాదు" అనే నిస్పృహ ఎక్కువ. అది సరికాదు. అరబీ వచ్చినవాడు గల్ఫ్ వెళ్ళేవారికి వాడుక భాష నేర్పగలడు. ఉర్దూ, తెలుగు రెండూ బాగా వచ్చినవాడు అనువాదం చేయగలడు. పాత ఉర్దూ దస్తావేజులు చదవగలిగినవారు తెలంగాణ జిల్లాల్లో రోజురోజుకూ తగ్గిపోతున్నారు. తజ్వీద్ చక్కగా వచ్చినవాడు ఊరు దాటకుండానే ఫోను ద్వారా దూరదేశాల పిల్లలకు పాఠం చెప్పగలడు. వారసత్వ వాటాల లెక్క వచ్చినవాడి అవసరం ఏ కుటుంబానికి రాదు? ఇవన్నీ విద్యలే. వీటికి కూడా క్రమం, నియమం, ప్రతిఫలం ఉండవచ్చు.

పనిముట్టు మారితే విద్య పోదు

ఇక్కడ నా తప్పు ఎక్కడ ఉందో చెప్పాలి. కంప్యూటర్ వచ్చిందని నేను అన్నది నిజమే. నస్తాలీఖ్ లిపి 1980ల ప్రారంభంలోనే యంత్రంలోకి వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఉర్దూ పత్రికల్లో కాతిబుల అవసరం తగ్గిపోయింది. కానీ పోయింది పత్రిక పుటలు నింపే పని మాత్రమే. అందమైన అక్షరం పట్ల మనిషికి ఉన్న మక్కువ పోలేదు. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' ఉర్దూ దినపత్రిక కంప్యూటర్లు వచ్చిన తర్వాత కూడా చేతిరాతతో వెలువడింది. ఛత్తా బజారులో పెండ్లి పత్రికలకు అందమైన రాత కోరేవారు ఉంటూనే వచ్చారు.

మన ఆంధ్ర ప్రాంతపు నూర్‌బాషా సోదరులను చూడండి. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన వారు. మిల్లులు, ఫోము పరుపులు వచ్చాక ఆ వృత్తి దెబ్బతిన్నది. తమ విద్య ఏకే విల్లులోనే ఉందనుకున్నవారు ఆ విల్లుతోపాటే ఆగిపోయారు. తమ విద్య దూది రకాన్ని చేతితో తాకి పోల్చగలగడంలో, పరుపును సమంగా నింపడంలో ఉందని గ్రహించినవారు ఏకే యంత్రాన్ని బండి మీద పెట్టుకుని వీధివీధికీ వెళ్ళి పాత పరుపులను కొత్తవిగా చేసి ఇస్తున్నారు. విద్య మనిషిలో ఉంటుంది. పనిముట్టు కాలంతో మారుతుంది. రెంటినీ ఒకటిగా చూడడమే నేను చేసిన పొరపాటు.

మాట, కూలి, గడువు

స్వయం ఉపాధిలో మనవారు ఎక్కువగా దెబ్బతినేది పనితనంలో కాదు, లావాదేవీల్లో.

"ఎంత తీసుకుంటారు?" అని అడిగితే "మీకు తోచింది ఇవ్వండి" అనడం మనకు మర్యాదగా కనిపిస్తుంది. ఫిఖ్ ప్రకారం కూలి ఎంతో తెలియని ఒప్పందం లోపభూయిష్టమైనది. చివరికి ఇచ్చినవాడు ఎక్కువ ఇచ్చానని, తీసుకున్నవాడు తక్కువ వచ్చిందని మనసులో కుములుతారు. ముందే ధర చెప్పడం దురాశ కాదు. అది షరీఅత్ నేర్పిన మర్యాద.

ఆర్డరు మీద వస్తువు చేసి ఇచ్చే ఒప్పందాన్ని ఫిఖ్‌లో ఇస్తిస్నా అంటారు. అందులో వస్తువు రకం, కొలత, నాణ్యత, ధర స్పష్టంగా ఉండాలి. దర్జీ అయినా, వడ్రంగి అయినా ఒక చిన్న పుస్తకంలో ఈ నాలుగూ రాసి, ఇచ్చే తేదీ కూడా వేసి, ఇరువురూ సంతకం చేస్తే సగం తగాదాలు ఉండవు. దివ్య ఖుర్ఆన్‌లోని అత్యంత దీర్ఘమైన ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించే అవతరించింది. అయినా "మనవాడే కదా, రాత ఎందుకు" అనే మాట మన మధ్య ఆగడం లేదు.

రంజాను పండుగకు నాలుగు రోజుల ముందు వరకు బట్టలు తీసుకుంటూనే ఉండే దర్జీని ప్రతి ఊళ్ళో చూస్తాము. చాంద్ రాత్ నాడు అతని దుకాణం ముందు పిల్లలు ఏడుస్తూ నిలబడతారు. మాట తప్పడం కపటి లక్షణాల్లో ఒకటని దైవప్రవక్త (స) హెచ్చరించారు. చేయగలిగినంతే ఒప్పుకోవడం వృత్తి ధర్మం.

ఇక ఇంటి డబ్బు, పని డబ్బు ఒకే జేబులో ఉండకూడదు. ఆర్డరుకు వచ్చిన అడ్వాన్సు మన సంపాదన కాదు. పని పూర్తయ్యేవరకు అది బాధ్యత. దాన్ని పెండ్లి ఖర్చుకు వాడేసి, ఆ తర్వాత గుడ్డ కొనడానికి అప్పు చేసేవారు ఎందరో.

పెట్టుబడి ఎలా?

వడ్డీతో మొదలైన పనిలో బర్కత్ ఉండదు. తగిన పెట్టుబడి లేనివారికి షరీఅత్ దారులు చూపింది. ముజారబత్‌లో ఒకరిది సొమ్ము, ఒకరిది శ్రమ. లాభాన్ని ముందే నిర్ణయించుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నెలకు ఇంత అని స్థిరమైన మొత్తం నిర్ణయిస్తే అది ముజారబత్ కాదు. పనిచేసేవాని నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము నష్టం సొమ్ము యజమానిది, శ్రమ నష్టం శ్రామికునిది. ఊళ్ళోని ధనవంతులు కుట్టుమిషను దానం చేయడం పుణ్యమే. పనిమంతునితో ఇలా భాగస్వామ్యం కలిపితే ఇద్దరి ఇళ్ళూ నిలబడతాయి.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ, వడ్రంగి, కమ్మరి, తాళాలు చేసేవారు సహా 18 వృత్తులకు శిక్షణ, పనిముట్ల కొరకు 15,000 రూపాయల వరకు ప్రోత్సాహకం ఉన్నాయి. అందులోని రుణభాగం వడ్డీతో కూడినది కనుక దాని విషయంలో జాగ్రత్త వహించండి. శిక్షణ, పనిముట్ల సహాయం మాత్రం అర్హులు వినియోగించుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ఉత్సాహంలో ఉన్న ఉద్యోగాన్ని ఒక్కరోజులో వదలకండి. తనపై ఆధారపడినవారిని పట్టించుకోకపోవడమే మనిషికి పాపంగా చాలునని హదీసు సారం. సాయంకాలాలు, సెలవు రోజులు కొత్త పనికి కేటాయించండి. కొన్ని నెలలు వరుసగా ఆ ఆదాయం ఇంటి బియ్యం ఖర్చుకు, అద్దెకు సరిపోయినప్పుడు అడుగు మార్చండి.

ఇంటి గడప లోపల

మన సోదరీమణులు ఈ మాటలు తమకు కాదనుకోరాదు. ఎవరి చేయి పొడవైనదో ఆమే అందరికంటే ముందు నన్ను కలుసుకుంటారని దైవప్రవక్త (స) ఒకసారి తమ సతీమణులతో అన్నారు. వారు చేతులు కొలుచుకున్నారు. ప్రవక్త (స) అనంతరం మొదట మరణించినవారు హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి). ఆమె తన చేతులతో పనిచేసి, ఆ సంపాదనను దానం చేసేవారు. పొడవైన చేయి అంటే ఏమిటో అప్పుడు వారికి బోధపడింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సతీమణి తన సొమ్మును భర్తపై, తన పోషణలోని అనాథలపై ఖర్చుచేస్తే రెట్టింపు పుణ్యమని దైవప్రవక్త (స) శుభవార్త చెప్పారు.

కుట్టు, మెహందీ, పచ్చళ్ళు, పిల్లలకు ఖుర్ఆన్ పాఠం వంటివాటిలో స్త్రీ సంపాదించినది ఆమె సొంత ఆస్తి. ఆమె ఇష్టంతో ఇంటిపై ఖర్చు చేస్తే పుణ్యం. భర్త అధికారంతో లాక్కోవడం అన్యాయం.

పని నిలదొక్కుకున్నాక జకాత్ మరువకండి. కుట్టుమిషను, రంపం, కంప్యూటర్ వంటి పనిముట్లపై జకాత్ లేదు. అమ్మకానికి ఉన్న సరుకు, చేతిలోని నగదు, తప్పక వచ్చే బాకీలు కలిపి, ఇవ్వవలసిన అప్పులు తీసివేయగా, సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరితే, చాంద్రమాన సంవత్సరం పూర్తికాగానే రెండున్నర శాతం పేదల హక్కు.

ఆ విద్యార్థి సంగతి

నా మాట విని ఇమామత్‌కు వెళ్ళిన ఆ విద్యార్థి ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నాడు. జీతం రెండు పూటల భోజనానికి మించలేదు. తండ్రి జబ్బుపడినప్పుడు ఎవరూ అప్పు ఇవ్వకపోతే వడ్డీకి తెచ్చాడు. "హజ్రత్! ఆ శుక్రవారం నేను మింబరు మీద నిలబడి వడ్డీ హరామ్ అని చెప్పలేకపోయాను. నోరు రాలేదు" అని ఒకనాడు నా ముందు కూర్చుని చెప్పాడు. నా గురించి ఒక్క నిష్ఠూరమైనా పలకలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

ఆ అప్పు నుండి అతన్ని బయటపడేసింది చివరికి ఆ చేతిరాతే. ఊళ్ళో ఒకరు కొత్త ఇంటి గుమ్మంపై బిస్మిల్లాహ్ రాయమని అడిగారు. అది చూసి మరొకరు అడిగారు. దుకాణాల పేర్లు తెలుగులో, ఉర్దూలో రాశాడు. పెండ్లి పత్రికలు, మస్జిదు ఫలకాలు, చట్రంలో అమర్చే ఆయతులు రాశాడు. రాసినది కంప్యూటర్‌లోకి ఎక్కించడం కూడా నేర్చుకున్నాడు. మూడేళ్ళలో అసలు తీరింది, వడ్డీ పీడ విరగడైంది. నేడు అతను అదే మస్జిదులో జీతం తీసుకోకుండా నమాజు చేయిస్తున్నాడు. వడ్డీ గురించి ఖుత్బా ఇస్తున్నాడు.

ఇమామత్ గొప్ప సేవ. అందులో సందేహం లేదు. ఇమాములకు గౌరవప్రదమైన జీతం ఇవ్వడం మస్జిదు కమిటీల బాధ్యత. కానీ ఒక యువకుని చేతిలో అల్లాహ్ పెట్టిన మరో విద్యను మూసిపెట్టమని చెప్పే హక్కు నాకు లేదు. ఇప్పుడు కోర్సు పూర్తిచేసిన ప్రతి విద్యార్థినీ "నీ చేతికి ఏ పని వచ్చు?" అని అడుగుతున్నాను. జవాబు చెప్పినవారికి ముందు దుఆ చేస్తాను. సలహా ఆ తర్వాతే.

జుమా నమాజు ముగిసిన తర్వాత భూమిపై వ్యాపించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని అల్లాహ్ ఆదేశించాడు. మస్జిదు తలుపు బజారు వైపు తెరుచుకుంటుంది, బజారు దారి తిరిగి మస్జిదుకే చేరాలి. అల్లాహ్ మన పిల్లల చేతుల్లో బర్కత్‌నూ, మాటల్లో సత్యాన్నీ, సంపాదనలో హలాల్‌నూ ప్రసాదించుగాక! వారికి దారి చూపవలసిన మన వంటివారికి వివేకం ఇచ్చుగాక! ఆమీన్.